సబ్బుల తయారీని హాబీగా ఎందుకు పట్టుకుంటారు? అసలు అందులో ఏముంది?

గడప_దగ్గర
మా ఆయన సబ్బులు చేయడం మొదలుపెట్టి చాలా కాలమైంది. ఏదో నాలుగు రోజుల ముచ్చట అనుకున్నాను. ఇప్పుడు వంటింటి తూకం మెషిన్ ఆయనది, చేతి బ్లెండర్ ఆయనది, బట్టల అల్మరాలో పై అర మొత్తం సబ్బులది. ఫ్రీజర్‌లో ఐస్ ట్రే తీస్తే గడ్డకట్టిన పాలు, పైన "సబ్బుకి, ముట్టుకోవద్దు" అని చీటీ. సెలవు రోజు కళ్లద్దాలు, గ్లౌజులు తగిలించుకుని తలుపేసుకుంటారు. పిలిచినా పలకరు.

కోపంతో అడగడం లేదు, తెలుసుకుందామనే అడుగుతున్నా. సబ్బు దొరకని వస్తువేం కాదు. బొమ్మలేయడం, అల్లికలు, మొక్కలు పెంచడం, వీటిలో ఆనందం నాకు అర్థమవుతుంది. సబ్బులో ఏముంది? ఆయన్ని అడిగితే "చర్మానికి మంచిది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ ఒక్కదానికోసం ఇంత చేస్తారా ఎవరైనా? చేసేవాళ్లు చెప్పండి.

తూకంరాయి
చర్మం సంగతి చుట్టాలకి చెప్పే జవాబు. మొదలుపెట్టడానికి అది కారణం కావచ్చు. ఇన్నాళ్లు చేస్తున్నారంటే కారణం వేరే ఉంది.

చుక్కలముగ్గు
అల్మరా పై అర ఒక్కటేనా? అదృష్టవంతులు. మా ఇంట్లో పుస్తకాల వెనక కూడా ఉంటాయి :)

పడమటిగాలి
ఆ "చర్మానికి మంచిది" దగ్గరే నాకు పేచీ. నాకు చిన్నప్పటి నుంచి ఎగ్జిమా. ఇంట్లో చేసిన సబ్బు అని ఎవరిచ్చినా వాడి చూశాను. నాకు పడదు. అసలు సబ్బు అన్నాక క్షారమే, పీహెచ్ 9 నుంచి 10 మధ్య ఉంటుంది. చర్మం పైపొర ఆమ్లం వైపు, 5 దగ్గర ఉంటుంది. ఎంత మంచి నూనె పోసినా సబ్బు సబ్బే. డాక్టరు రాసిచ్చిన సబ్బు కాని క్లెన్సింగ్ బార్ ఉంటుంది చూడండి, అదే నాకు సరిపోయింది. హాబీ మీద నాకేం అభ్యంతరం లేదు. మందులాగా చెప్పి పంచడం మీదే.

రసాయనం_మాస్టారు
పడమటిగాలి గారు చెప్పింది నిజం. దీన్ని చేసేవాళ్లమే ముందు ఒప్పుకోవాలి. కాస్త సర్దుబాటు మాత్రం చేస్తాను. నూనె, కాస్టిక్ సోడా కలిస్తే సబ్బుతో పాటు గ్లిజరిన్ పుడుతుంది. నూనె బరువులో దాదాపు పదోవంతు. పెద్ద ఫ్యాక్టరీల్లో ఉప్పునీటితో దాన్ని విడదీసి వేరే పరిశ్రమలకు అమ్ముకోవడం మామూలు. ఇంట్లో చేసినదాంట్లో అది అలాగే ఉండిపోతుంది. పైగా మనం కాస్టిక్‌ని కావాలనే కొంచెం తక్కువ వేస్తాం. ఆ మిగులు నూనెని సూపర్‌ఫ్యాట్ అంటారు, సాధారణంగా 5 శాతం. ఈ రెండింటివల్ల చాలామందికి ఒంటి మీద తేడా తెలుస్తుంది. అది మామూలు చర్మం ఉన్నవాళ్ల మాట. ఎగ్జిమాకి ఇది వైద్యం కాదు.

కొత్త_నురగ
నేను మొదలుపెట్టిందే "కెమికల్స్ లేని సబ్బు" కావాలని. ఇప్పుడు మాస్టారు కాస్టిక్ సోడా అంటున్నారు. అది డ్రెయిన్లు శుభ్రం చేసేది కదా!

లెక్కలపిచ్చి
అదే. అదో, అలాంటి ఇంకో క్షారమో లేకుండా సబ్బు లేదు. ఎవరైనా లేదన్నారంటే వాళ్ల బదులు ఇంకెవరో వేసి పంపించారని అర్థం.

రసాయనం_మాస్టారు
కొత్త_నురగ గారూ, భయపడకండి, అలాగని నిర్లక్ష్యమూ వద్దు. ఒక నూనె అణువు మూడు కాస్టిక్ అణువులతో కలిసి మూడు సబ్బు అణువులుగా, ఒక గ్లిజరిన్‌గా మారిపోతుంది. లెక్క సరిగ్గా ఉంటే చివరికి అందులో కాస్టిక్ మిగలదు, పోసిన నూనెలోనూ చాలా భాగం నూనెగా మిగలదు. రెండూ పోయి మూడోది వస్తుంది. పూర్వం ఈ క్షారాన్ని కట్టెల బూడిద నుంచి తీసేవారు. దాంట్లో పొటాషియం ఎక్కువ కాబట్టి సబ్బు మెత్తగా, ముద్దగా వచ్చేది. గట్టిపడాలంటే ఉప్పు వేసేవారు. 1791లో నికొలస్ లెబ్లాంక్ అనే ఫ్రెంచి రసాయనవేత్త మామూలు ఉప్పు నుంచి సోడా తీసే పద్ధతికి పేటెంట్ పొందాక బూడిద మీద ఆధారపడే అవసరం తగ్గుతూ వచ్చింది.

గడప_దగ్గర
కెమిస్ట్రీ బాగుంది మాస్టారూ, కానీ నా ప్రశ్న అది కాదు. *ఎందుకు* చేస్తారు?

అర్ధరాత్రి_చదువరి
నేను చెప్తా. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం. ఒకటి తీస్తే ఇంకొకటి. రోజు అయిపోయిందంటే పని అయిపోయిందని కాదు, టైమ్ అయిపోయిందని. సబ్బు అలా కాదు. నూనె తూచాను, కలిపాను, అచ్చులో పోశాను, మూత పెట్టాను. అయిపోయింది. చేతిలో పట్టుకునే వస్తువు ఒకటి మిగిలింది. ఆ రాత్రి నిద్ర బాగా పడుతుంది.

నీలిమందు
చదువరి గారి మాటతో నేను సగమే ఏకీభవిస్తాను. కుర్చీ చేసినా, స్వెటర్ అల్లినా అదే తృప్తి ఉంటుంది కదా. స్క్రీన్ ముందు కూర్చునేవాళ్లు చేతిపని వైపు ఎందుకు వస్తారో దాంతో తెలుస్తుంది. సబ్బు దగ్గరికే ఎందుకు వస్తారో తెలియదు. గడప గారు అడుగుతున్నది అదే అనుకుంటా.

గడప_దగ్గర
సరిగ్గా అదే!

తూకంరాయి
అయితే నా జవాబు వినండి. సబ్బు అరిగిపోతుంది. అందుకే.

నేను ఇంతకుముందు మట్టి పాత్రలు చేసేవాణ్ణి. బాగుండేది. కానీ చేసిన ప్రతిదీ అలాగే ఉండిపోయేది. గూళ్లు నిండాయి, ఇచ్చినవాళ్ల ఇళ్లూ నిండాయి. ఇక కొత్తది చేయాలంటే "ఎందుకు, ఎక్కడ పెడతావు" అన్న ప్రశ్న ముందు నిలబడేది. సబ్బు అలా కాదు. ఎంత అందంగా చేసినా దాన్ని వాడి కరిగించేయడమే దాని పని. నెలా రెండు నెలల్లో ఇంట్లోవాళ్లే "అయిపోయింది, ఇంకోటి ఉందా" అంటారు. మళ్లీ చేయడానికి అంతకంటే పిలుపు ఏముంటుంది? పోయినసారి నురగ తక్కువైందనుకోండి, ఈసారి ఆముదం కాస్త పెంచి చూస్తాను. తరవాతిసారి ఇంకోటి మారుస్తాను. ఇన్నిసార్లు మళ్లీ మళ్లీ చేసి మెరుగుపరుచుకునే అవకాశం వేరే చేతిపనుల్లో నాకు దొరకలేదు.

చుక్కలముగ్గు
అబ్బ, ఇది ఎప్పుడూ ఆలోచించలేదు. నిజమే.

పడమటిగాలి
వంట కూడా అంతేగా తూకంరాయి గారూ? పూటకోసారి అయిపోతుంది.

తూకంరాయి
వంటలో మధ్యలో రుచి చూసి ఉప్పు వేయొచ్చు. ఇక్కడ అచ్చులో పోశాక మీ చేతిలో ఏమీ ఉండదు. ఫలితం తెలియాలంటే వారాలు ఆగాలి. వంట ఆకలికి చేస్తాం, దీనికి ఆకలి లేదు.

లెక్కలపిచ్చి
నన్ను పట్టుకున్నది మాత్రం లెక్కే. ఒక్కో నూనెకి ఒక్కో సంఖ్య ఉంటుంది. ఒక గ్రాము నూనెను సబ్బుగా మార్చడానికి ఎన్ని గ్రాముల కాస్టిక్ సోడా కావాలో చెప్పే సంఖ్య. కొబ్బరి నూనెకి సుమారు 0.183. ఆలివ్‌కి 0.135. ఆముదానికి 0.128. అంటే 500 గ్రాముల నూనె పూర్తిగా మారాలంటే కొబ్బరిదైతే 91 గ్రాములకు పైన, ఆలివ్‌దైతే 67.5 చాలు. అదే బరువు, అదే గిన్నె, 24 గ్రాముల తేడా. కొబ్బరి నూనె అణువుల్లో కొవ్వు గొలుసులు పొట్టివి, అందుకని గ్రాముకి అణువులు ఎక్కువ పడతాయి. ఇది తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం మామూలుది కాదు. పుస్తకంలో మోల్ (అణువులను లెక్కపెట్టే కొలత) అనే మాట చదివి పరీక్ష రాసి మర్చిపోయినవాణ్ణి. అది వంటగదిలో, తూకం మెషిన్ మీద, నా కళ్ల ముందు నిజమైంది.

అందుకే ఎవరైనా "ఫలానా నూనె లేదు, ఇంకోటి వేసేశా" అంటే నాకు టెన్షన్. 500 గ్రాముల రెసిపీలో 5 శాతం సూపర్‌ఫ్యాట్ అంటే మన చేతిలో ఉన్న వెసులుబాటు ఐదు గ్రాముల కాస్టిక్ కూడా కాదు.

కొత్త_నురగ
అంత లెక్క ఉంటే నాలాంటివాళ్లు భయపడి పారిపోతారు సార్.

లెక్కలపిచ్చి
పారిపోనక్కర్లేదు. ఆన్‌లైన్‌లో కాలిక్యులేటర్లు ఉన్నాయి, నూనెల బరువులు ఇస్తే అదే చెప్తుంది. కాకపోతే చేత్తో ఒకసారి వేసి చూడండి. మజా అక్కడుంది.

పరిమళం
లెక్కల సంగతి మీరు చూసుకోండి. నేను వచ్చింది వాసన కోసం. లవంగ నూనె వేస్తే మిశ్రమం గబగబా గట్టిపడుతుంది. నిమ్మ, నారింజ వేసిన రోజు గది నిండా గుబాళిస్తాయి, క్యూరింగ్, అంటే సబ్బు వారాలపాటు ఆరడం, అయ్యేసరికి చాలావరకు ఎగిరిపోతాయి. వెనిలిన్ ఉన్న సువాసన ఏదైనా సబ్బుని గోధుమరంగుకి తిప్పేస్తుంది, అది తెల్ల సబ్బు అయినా సరే. గాజు సీసాలో మూత తీసి వాసన చూడటం వేరు. ఆ క్షారంలో పడి, ఆ వేడికి తట్టుకుని, నెల తరవాత తడి చేతుల మీద ఏం మిగిలిందో చూడటం వేరు. ఒక విక్రేత "సబ్బుకి పనికొస్తుంది" అని రాసి పంపిన మల్లె సువాసన కలపగానే గిన్నెలోనే రాయైపోయింది. గరిటె నిలబడింది. ఆ ముద్దనే అచ్చులోకి కుక్కి, ఆరాక కోసి వాడుకున్నాం. చూపుకి ఎలా ఉన్నా వాసన అద్భుతం.

అర్ధరాత్రి_చదువరి
గరిటె నిలబడటం చూడాలని ఉంది :))

నీలిమందు
ఇక నా వంతు. రంగులు. ఎవరైనా ఒక్కసారి పసుపు వేసి సబ్బు చేస్తే చాలు, ఈ హాబీ ఎందుకో వాళ్లకే తెలుస్తుంది. పసుపు క్షారంలో పడగానే ఎర్రబడుతుంది. సబ్బు ఆరుతున్నకొద్దీ ఆ ఎరుపు తగ్గి నారింజకి, తరవాత మట్టి పసుపుకి వస్తుంది, వెలుతురు తగిలితే ఇంకా వెలుస్తుంది. రతన్‌జోత్ వేరు నూనెలో నానబెడితే ఎర్రగా ఉంటుంది, కాస్టిక్ కలవగానే ఊదా, నీలం వైపు తిరుగుతుంది. మంజిష్ఠ గులాబీ రంగునిస్తుంది. నీలిమందు నీలంగా నిలబడుతుంది. మందార పొడి ఎంత ఎర్రగా ఉన్నా సబ్బులో గోధుమరంగే. గులాబీ రేకులు పైన చల్లితే నాలుగు రోజుల్లో నల్లబడతాయి. కాలెండ్యులా రేకులు మాత్రం పసుపుగానే నిలుస్తాయి.

బొమ్మలేసేటప్పుడు రంగు నేను చెప్పినట్టు వింటుంది. ఇక్కడ రంగు తన స్వభావం తను చూపిస్తుంది. దాన్ని ముందే ఊహించి సరిగ్గా పట్టుకోగలిగితే, ఆ సంతోషం వేరు.

ఒక మాట చెప్పాలి. కొవ్వుల రసాయనాన్ని విప్పిచెప్పిన ఫ్రెంచి శాస్త్రవేత్త మిషెల్ యూజీన్ షెవ్రెల్ 1811 ప్రాంతంలో ఒక సబ్బు నమూనా విశ్లేషణతో ఆ పని మొదలుపెట్టి, 1823లో మొత్తం పరిశోధన అచ్చు వేయించాడు. తరవాత గోబ్లాఁ అనే తివాచీల కార్ఖానాలో అద్దకం విభాగానికి అధిపతిగా ఉన్నప్పుడు, నల్ల దారం నల్లగా కనబడటం లేదన్న ఫిర్యాదు వస్తే పరీక్షించి, లోపం దారంలో లేదని, పక్కనున్న రంగుల వల్ల కంటికి అలా కనబడుతోందని తేల్చాడు. 1839లో దానిమీద పెద్ద గ్రంథమే వేశాడు. 102 ఏళ్లు బతికాడు. సబ్బు, రంగు ఒకే మనిషిని పట్టుకోవడం నాకు ఎంతో నచ్చిన విషయం. రెండు రంగుల సబ్బు పోసేటప్పుడు ఏ రంగు పక్కన ఏది పెట్టాలో ఆలోచిస్తుంటే ఆయనే గుర్తొస్తాడు.

రసాయనం_మాస్టారు
షెవ్రెల్ పేరు ఇక్కడ చూసి ప్రాణం లేచొచ్చింది నీలిమందు గారూ. కొవ్వు నుంచి తీసే స్టియరిక్ ఆమ్లంతో కొవ్వొత్తులకు 1825లో పేటెంట్ తీసుకున్నదీ ఆయనే, గే-లుసాక్ అనే మరో శాస్త్రవేత్తతో కలిసి.

చుక్కలముగ్గు
మీరంతా పెద్ద పెద్ద కారణాలు చెప్తున్నారు. నేను చేసేది కరిగించి పోసే రకం. రెడీమేడ్ బేస్ ముక్కలు కోసి, కరిగించి, రంగు, సువాసన కలిపి అచ్చులో పోయడం. ఇంట్లో చిన్న పిల్లలున్నారు, కాస్టిక్ సోడా తేవడం నాకిష్టం లేదు. పిల్లలు అచ్చు ఎంచుకుంటారు, రంగు కలుపుతారు, సాయంత్రానికి చేతిలో సబ్బు. వాళ్లు సొంతంగా చేసిన సబ్బు అని చేతులు కడగడానికి పోటీ పడతారు. నాకు ఆ కారణం చాలు.

లెక్కలపిచ్చి
అది సబ్బు తయారీ అనలేం కదండి. సబ్బుని కరిగించి ఆకారం మార్చడం.

పరిమళం
లెక్కలపిచ్చి గారూ, ఇది అన్యాయం. ఆవిడ ఆనందానికి మీ కొలత ఎందుకు? పొరలు పొరలుగా పోయడంలో ఎంత నేర్పు కావాలో ప్రయత్నిస్తే తెలుస్తుంది. కింది పొర మరీ చల్లబడితే పైది అతుక్కోదు, వేడిగా ఉంటే రెండూ కలిసిపోతాయి. మధ్యలో స్పిరిట్ చల్లి, బుడగలు పోగొట్టి, ఆ ఒక్క నిమిషం పట్టుకోవాలి.

లెక్కలపిచ్చి
నేర్పు లేదనలేదు. రెండూ వేరు అన్నాను. ఆ మాట మీద ఉన్నాను.

చుక్కలముగ్గు
వేరే అనుకోండి, పర్లేదు. పిల్లలు కాస్త పెద్దయ్యాక మీ వైపూ వస్తాను, అప్పుడు లెక్కలు మీరే నేర్పాలి.

రెండోపూట
రిటైరయ్యాక మొదలుపెట్టినవాణ్ణి. అందరూ అడిగేది "టైమ్ పాస్ కోసమా" అని. కానే కాదు. టైమ్ గడపడానికి టీవీ ఉంది.

దగ్గరగా ఒకటి చెప్తాను, గడప_దగ్గర గారూ. నూనెలు, కాస్టిక్ నీళ్లు రెండూ గోరువెచ్చగా అయ్యాక కలుపుతాం. మొదట అవి వేరువేరుగా ఉంటాయి, పైన మెరుస్తూ నూనె చారలు కనిపిస్తాయి. బ్లెండర్ కాసేపు తిప్పి, కాసేపు ఆపి, చేత్తో కలుపుతూ ఉంటే ఆ మెరుపు మెల్లగా పోతుంది. రంగు పాలిపోయి, చిక్కబడి, మసకగా అవుతుంది. బ్లెండర్ పైకెత్తితే దాని నుంచి కారిన ధార వెంటనే మునిగిపోకుండా పైన గీతలా ఒక క్షణం నిలబడుతుంది. దాన్నే ట్రేస్ అంటారు. ఇక వెనక్కి పోయే దారి లేదు. రంగులు పోయాలన్నా, సుడులు తిప్పాలన్నా ఉన్నది ఆ కొద్ది నిమిషాలే. మీ ఆయన పిలిచినా పలకరంటున్నారే, బహుశా ఆ నిమిషాల్లోనే మీరు పిలుస్తున్నారు.

గడప_దగ్గర
అయ్యో. భోజనానికి పిలుస్తాను సరిగ్గా ఆ టైమ్‌కే!

అర్ధరాత్రి_చదువరి
ఈ థ్రెడ్ ఆయనకి చూపించకండి, ప్రతిసారీ "ట్రేస్ వచ్చింది" అనే వంక దొరుకుతుంది.

రెండోపూట
:) ఇంకో సంగతి. మూత పెట్టి, దుప్పటి కప్పి ఉంచితే లోపల వేడి పుట్టి మధ్యభాగం పారదర్శకంగా మారుతుంది. జెల్ దశ అంటారు. పూర్తిగా అంచులదాకా వెళ్తే ఒకే రంగు. మధ్యలో ఆగిపోతే, కోసినప్పుడు నడుమ ముదురు వలయం కనిపిస్తుంది. కోసేదాకా ఏమైందో తెలియదు. మర్నాడు అచ్చు తీసి, మొదటి ముక్క కోసి, ఆ ముఖం చూసే క్షణం కోసం నేను పొద్దున్నే లేస్తాను. ముప్పై ఏళ్ల పైన ఆఫీసుకి వెళ్లాను, దేనికోసమూ ఇంత ఆత్రంగా లేవలేదు.

తూకంరాయి
పైకి ఎంత అందంగా సుడులు తిప్పినా లోపల ఎలా వచ్చిందో కత్తికే తెలుసు. ఒక్కో ముక్కలో ఒక్కో బొమ్మ.

పడమటిగాలి
మీ పోస్టు చదివాక రెండోపూట గారూ, నాకు పడకపోయినా ఒకసారి చేయడం చూడాలనిపిస్తోంది. కానీ ఒక సందేహం. ఇంత ఇష్టంగా చేసినవి ఎక్కువైపోతే? మా స్నేహితురాలు దాదాపు మానేసింది. ఇంట్లో వాడేది తక్కువ, చేసేది ఎక్కువ. ఇచ్చినవాళ్లకే మళ్లీ ఇవ్వడానికి మొహమాటం.

పరిమళం
అమ్మకం మొదలుపెట్టొచ్చు కదా.

నీలిమందు
వద్దనే చెప్తాను. నేను కొన్నాళ్లు అమ్మాను. అందరికీ కావాల్సింది ఒకటే సబ్బు, ఒకటే రంగు, ఒకటే వాసన. పసుపు ఎలా మారుతుందో చూద్దామన్న ఆసక్తి పోయి, "పోయినసారిలాగే ఉండాలి" అన్న ఒత్తిడి మిగిలింది. పైగా అమ్మాలంటే లేబుల్, లైసెన్స్, సౌందర్య సాధనాల నిబంధనలు. ఏ దేశంలోనైనా ఏదో ఒకటి ఉంటుంది. అవి ఉండాల్సినవే, జనం ఒంటి మీద వాడేది కదా. కానీ నా ఆదివారం నాకు కావాలి. మానేశాను.

అర్ధరాత్రి_చదువరి
నాకు తెలిసినావిడ విషయంలో ఇది తలకిందులు. అమ్మడం మొదలుపెట్టాకే ఆవిడ ప్రతి బ్యాచ్‌కీ నోట్స్ రాయడం, తేదీ వేయడం, నూనె పాతబడి నారింజ మచ్చలు వస్తున్నాయో లేదో గమనించడం నేర్చుకుంది. హాబీగా ఉన్నంతకాలం ఇవేవీ చేయలేదు. ఆమె పని ముందుకంటే చాలా బాగుంది.

నీలిమందు
నోట్స్ నేనూ రాస్తాను, అమ్మకుండానే. దానికి కొనేవాళ్లు అక్కర్లేదు.

తూకంరాయి
ఎక్కువైపోయే సమస్యకి మందు చిన్న అచ్చు. 500 గ్రాముల నూనెతో ఐదారు సబ్బులు వస్తాయి. కిలోలకొద్దీ చేయాలనే ఆశ పడకపోతే చాలు.

రెండోపూట
ఓపిక ఉన్నవాళ్లకి ఇంకో దారి. అచ్చంగా ఆలివ్ నూనెతో చేయండి. మామూలు సబ్బు నాలుగు నుంచి ఆరు వారాలు ఆరితే వాడొచ్చు. ఆలివ్‌ది నెలలు ఆగాలి, ఏడాది ఆగేవాళ్లూ ఉన్నారు. తొందరపడి వాడితే జిగటగా సాగుతుంది, నురగ రాదు. ఆగితే నురగ సన్నగా, మెత్తగా వస్తుంది. సిరియాలోని అలెప్పోలో ఆలివ్ నూనె, లారెల్ నూనెతో వండి, నేల మీద పోసి, కోసి, గోపురాల్లా పేర్చి నెలల తరబడి ఆరబెడతారు. పైన ఆకుపచ్చ పోయి బంగారు రంగు వస్తుంది, లోపల పచ్చగానే ఉంటుంది. ఆ పనితనాన్ని, పాలస్తీనాలోని నాబ్లస్ సబ్బు తయారీని యునెస్కో 2024లో వారసత్వ జాబితాల్లో చేర్చింది. పని కాదు, హాబీ అనుకుని చేసే మనకి ఆ మనుషుల పక్కన కాసేపు నిలబడినట్టుంటుంది.

కొత్త_నురగ
ఇంత చదివాక ఆగలేకపోతున్నా. కాస్టిక్ అంటే ఉన్న భయం మాత్రం పోలేదు. ఏమేం చూసుకోవాలి?

రసాయనం_మాస్టారు
భయం కొంచెం ఉండనివ్వండి, అది మంచిదే. నీళ్లలో కాస్టిక్ వేయాలి. కాస్టిక్ మీద నీళ్లు పోయకూడదు, చిమ్ముతుంది. వేయగానే నీళ్లు 80 డిగ్రీల దాకా, ఒక్కోసారి ఇంకా పైకి వేడెక్కుతాయి, ఘాటైన ఆవిరి వస్తుంది. కిటికీ తీసి ఉంచండి, మొహం పైన పెట్టకండి. కళ్లకు అద్దాలు, చేతులకు గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా. అల్యూమినియం గిన్నె వద్దే వద్దు, దానితో చర్య జరిగి హైడ్రోజన్ వస్తుంది. స్టీలు గిన్నె, పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ పర్వాలేదు. ఆ సామాను మళ్లీ వంటకి వాడకుండా విడిగా పెట్టుకోండి. చర్మం మీద పడితే కుళాయి కింద పెట్టి చాలాసేపు కడగండి. వెనిగర్ పోయమని కొందరు చెప్తారు, వినకండి. కంట్లో పడితే కడుగుతూనే ఉండి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. డబ్బా మీద పెద్ద అక్షరాలతో పేరు రాసి పిల్లలకి అందని చోట పెట్టండి. కలిపేటప్పుడు పిల్లలు, పెంపుడు జంతువులు ఆ గదిలో ఉండకూడదు.

గడప_దగ్గర
తలుపెందుకు వేసుకుంటారో ఇప్పుడు తెలిసింది. నన్ను దూరం పెడుతున్నారనుకున్నా.

నిన్న ఆయన్ని సూటిగా అడిగాను, చర్మం మాట పక్కన పెట్టి చెప్పండి అని. కాసేపు ఆలోచించి నోట్‌బుక్ తీసి చూపించారు. ప్రతి బ్యాచ్‌కీ పేజీ. నూనెల బరువులు, ఏ వేడి దగ్గర కలిపారు, కోస్తే ఎలా ఉంది. చివర్లో ఇంట్లో ఎవరేమన్నారో కూడా రాసి ఉంది. నేను "ఇది బాగుంది" అని ఎప్పుడో అన్నమాట కింద గీత గీసి, తరవాతి పేజీల్లో ఆ రెసిపీనే కొంచెం కొంచెం మారుస్తూ వచ్చారు. ఆ సబ్బే నేను రోజూ వాడుతున్నది. నాకు ఈ సంగతే తెలియదు.

చుక్కలముగ్గు
❤️

పరిమళం
ఆ రెసిపీలో ఏం సువాసన వేస్తారో అడిగి చెప్పండి గడప గారూ, ఆగలేకపోతున్నా.

గడప_దగ్గర
లావెండర్, కొంచెం దేవదారు. 500 గ్రాముల నూనెకి రెండూ కలిపి 15 గ్రాములు అని రాసుంది.

పరిమళం
3 శాతం. పొందిక తెలిసిన మనిషి.

పడమటిగాలి
నాలాంటివాళ్ల కోసం ఒక్క మాట. సువాసన నూనెలు మొక్కల నుంచి వచ్చినా కొందరికి దద్దుర్లు తెప్పిస్తాయి. బహుమతిగా ఇచ్చేటప్పుడు అందులో ఏముందో చీటీ మీద రాసి ఇస్తే మేలు.

పరిమళం
ఒప్పుకుంటాను. రాయాల్సిందే.

కొత్త_నురగ
నాకు మొదటి రెసిపీ ఎవరైనా ఇవ్వరూ? సువాసన లేకుండానే చేస్తా.

లెక్కలపిచ్చి
కొబ్బరి నూనె 150 గ్రాములు, ఆలివ్ 300, ఆముదం 50. కాస్టిక్: 150కి 27.45, 300కి 40.5, 50కి 6.4. మొత్తం 74.35. అందులో 5 శాతం తీసేస్తే 70.6 గ్రాములు. నీళ్లు దానికి రెట్టింపు, 141. కొబ్బరి నురగకి, గట్టిదనానికి. 30 శాతం దాటితే చర్మం పొడిబారుతుందనే మాట ఉంది కాబట్టి అక్కడ ఆపాను. ఆముదం నురగని నిలబెడుతుంది. అన్నీ బరువులే, కప్పులూ చెంచాలూ వద్దు. చేసేముందు ఇవే అంకెలు కాలిక్యులేటర్‌లో వేసి సరిచూసుకోండి, నా మాట మీద నమ్మకంతో చేయకండి.

కొత్త_నురగ
ఇంట్లో ఆముదం లేదు. ఆ 50 కూడా ఆలివ్ వేసేస్తే?

లెక్కలపిచ్చి
వేయొచ్చు, లెక్క మార్చి. మీరే వేసి ఇక్కడ పెట్టండి, చూస్తాను.

కొత్త_నురగ
350 ఇంటూ 0.135, 47.25. కొబ్బరిది 27.45. మొత్తం 74.7. 5 శాతం తీస్తే... 70.97?

లెక్కలపిచ్చి
కరెక్ట్. 71 గ్రాములు వేయండి, నీళ్లు 142. కోసినప్పుడు ఫొటో పెట్టాలి.